పొల్లాచ్చిలో రాస్‌బెర్రీ: కోయవలసిన కాడ, ఉంచవలసిన కాడ

పొల్లాచ్చి పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేవి కొబ్బరి, బెల్లం, పశువుల సంత. ఈ ఊళ్ళో మా పెరట్లో రాస్‌బెర్రీ కాస్తోందని చెబితే మా బ్యాంకులో నాతో పనిచేసేవాళ్ళు నవ్వారు. "సార్, అది ఐస్‌క్రీమ్ పేరు కదా?" అన్నాడొక కుర్ర క్లర్కు. మరునాడు టిఫిన్ డబ్బాలో పన్నెండు పండ్లు పట్టుకెళ్ళి తలా ఒకటి చేతిలో పెట్టాను. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. మొక్క ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

మన పత్రిక చదివే కుటుంబాలు కోయంబత్తూరు, మదురై మొదలుకొని బెంగుళూరు, ఆపైన ఇంగ్లండు, అమెరికాల దాకా ఉన్నాయి. కొందరి పెరట్లో మంచు పడుతుంది, కొందరి మేడమీద ఎండ మండుతుంది. ఇద్దరికీ పనికొచ్చేలా ఈ మొక్కను పెంచడం, కత్తిరించడం, పిల్లమొక్కలు చేయడం గురించి నాకు తెలిసింది రాస్తున్నాను. నేను వ్యవసాయం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అందుకని నా అనుభవంతో పాటు నేను చేసిన తప్పు కూడా రాస్తున్నాను. ఆ తప్పుకు మా ఇంట్లో రెండేళ్ళు మూల్యం చెల్లించాం.

కోటగిరి కంచె

1999లో నన్ను నీలగిరి జిల్లా కోటగిరికి బదిలీ చేశారు. సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. మేం అద్దెకున్న ఇంటి కంచె నిండా ముళ్ళ కాడలు అల్లుకొని ఉండేవి. వాటికి మొదట ఎర్రగా, పండాక నల్లగా మారే చిన్న పండ్లు. అప్పటికి మా అమ్మాయికి ఐదేళ్ళు. బడి నుంచి రాగానే ఆ కంచె దగ్గరే మకాం. గౌను నిండా ఊదారంగు మరకలు, చేతుల నిండా గీరుకున్న గీతలు. ఆ పండుకు పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ చూసి "ముళ్ళపండు" అంది. మా ఇంటి వరకు అదే పేరు స్థిరపడిపోయింది.

అది రాస్‌బెర్రీలో ఒక జాతి అని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. బయటి దేశాల్లో దాన్ని మైసూర్ రాస్‌బెర్రీ అంటారు. శాస్త్రీయ నామం రూబస్ నివియస్. నివియస్ అంటే మంచులా తెల్లనిది అని అర్థం. ఆకు తిరగేసి చూస్తే అడుగున తెల్లటి నూగు కనిపిస్తుంది, లేత కాడల మీద కూడా తెల్లటి పొడి అద్దినట్టుంటుంది. హిమాలయాల నుంచి పడమటి కనుమల దాకా మన దేశపు కొండల్లో తనంతట తాను పెరిగే మొక్క ఇది. నీలగిరుల్లో దీనికి చుట్టం మరొకటి ఉంది, పసుపుపచ్చని పండు కాసే రూబస్ ఎలిప్టికస్. ఇవన్నీ గులాబీ కుటుంబానికి చెందినవే. ఆపిల్, స్ట్రాబెర్రీ కూడా ఆ కుటుంబానివే.

రాస్‌బెర్రీ నిజానికి ఒక్క పండు కాదు. పదుల కొద్దీ బుల్లి పండ్లు ఒక గుత్తిగా అతుక్కొని టోపీలా ఏర్పడతాయి. పండిన రాస్‌బెర్రీని లాగితే లోపలి తెల్లటి దిమ్మ మొక్కకే ఉండిపోయి, పండు గుల్లగా చేతికొస్తుంది. బ్లాక్‌బెర్రీ అయితే ఆ దిమ్మతో సహా ఊడి వస్తుంది. రంగు చూసి కాదు, ఈ గుర్తుతోనే రెండింటినీ తేడా పట్టాలి.

ఎర్రది ఎందుకు బతకలేదు?

2018లో ఒక నర్సరీలో కుండీతో సహా ఎర్ర రాస్‌బెర్రీ మొక్క కొన్నాను. విదేశాల్లో డబ్బాల్లో పెట్టి అమ్మేది ఆ జాతే. ఫిబ్రవరి దాకా బాగానే ఉంది. ఏప్రిల్ ఎండకు ఆకుల అంచులు మాడాయి, మేలో మొక్కే పోయింది. తప్పు మొక్కది కాదు. ఎర్ర రాస్‌బెర్రీ చల్లని దేశాల మొక్క. రకాన్ని బట్టి కొంత తేడా ఉన్నా, చలికాలంలో 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలి సుమారు 800 గంటలు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ అందితేగాని అది సరిగ్గా చిగురించి పూయదు. మూడు వందల మీటర్ల ఎత్తు కూడా లేని పొల్లాచ్చిలో ఆ చలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

మైసూర్ రాస్‌బెర్రీకి ఆ చలి అక్కరలేదు. అందుకే అమెరికాలో మంచు ఎరుగని దక్షిణ ఫ్లారిడాలో సైతం ఇళ్ళలో దీన్ని పెంచుకుంటారు. ఈ సంగతి తెలిశాక కోటగిరిలోని పాత స్నేహితుడికి ఫోన్ చేశాను. 2019 ఆగస్టులో ఆయన తన ఇంటి కంచెకున్న పిల్లమొక్క ఒకటి తడిగుడ్డ చుట్టి ఇచ్చాడు. ఒక మాట ఇక్కడే చెప్పాలి. అడవిలోంచి మొక్కలు పెరికి తేకండి. అది చట్టరీత్యా నేరం, మంచి పనీ కాదు. కొండ ఊళ్ళలో తెలిసినవాళ్ళుంటే వాళ్ళ ఇంటి కంచె నుంచి అడిగి తెచ్చుకోండి.

నాటే విధానం

మా పెరటి మట్టి కొంత ఎర్రమట్టి, కొంత బంకమట్టి. ఈ మొక్క వేళ్ళు లోతుకు పోవు, ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల్లోనే ఉంటాయి. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది, మట్టి ఎండితే కాడ వాడుతుంది. కాబట్టి నేల మట్టం కన్నా జానెడు ఎత్తుగా మట్టి పోసి దాని మీద నాటాలి. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీసి, తవ్విన మట్టికి రెండు బుట్టల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాను. కొంచెం ఆమ్లగుణం ఉన్న మట్టి దీనికి ఇష్టం, సున్నపు మట్టి పడదు.

ఇక మన ఊరి సొత్తు కొబ్బరి ఉండనే ఉంది. మొదట్లో నాలుగంగుళాల మందాన కొబ్బరి పీచు, కొబ్బరి పొట్టు పరిస్తే వేసవిలో మట్టి చల్లగా ఉంటుంది, నీళ్ళు సగానికి సగం ఆదా. పచ్చి పొట్టు నేరుగా వేయకండి. దానిలో ఉప్పు, వగరు ఉంటాయి. రెండు మూడుసార్లు నీళ్ళతో కడిగి, లేదా వానకు వదిలి మాగబెట్టి వాడండి.

ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ ఉన్న చోటు చూడండి. మా ఇంట్లో తూర్పు గోడ పక్కన, కొబ్బరిచెట్టు నీడ పడేచోట నాటాను. ఆడి నెలలో పాలక్కాడు కనుమ నుంచి వీచే గాలి మీకు తెలియనిది కాదు. పదడుగులు పెరిగే ఈ కాడలను ఆ గాలి విరగగొట్టేస్తుంది. రెండు రాతి స్తంభాలు పాతి మూడడుగుల ఎత్తున ఒకటి, ఐదడుగుల ఎత్తున ఒకటి తీగ లాగి, కాడలను వదులుగా కట్టాలి. మేడమీద పెంచేవాళ్ళకు పెద్ద డ్రమ్ము చాలు, అడుగున రంధ్రాలు ఉండాలి, రోజూ నీళ్ళు పోయాలి. ముళ్ళు కొక్కేల్లా వంగి ఉంటాయి. తోలు చేతొడుగులు లేకుండా చెయ్యి పెట్టవద్దు.

కాడ ఆయుష్షు రెండేళ్ళు

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నాను. రాస్‌బెర్రీ వేరు చాలా ఏళ్ళు బతుకుతుంది. దాని మీద లేచే కాడ ఆయుష్షు మాత్రం రెండేళ్ళే. మొదటి ఏడు కాడ పెరుగుతుంది, కాయదు. రెండో ఏడు పూసి, కాసి, ఎండిపోతుంది. ఈలోగా పక్కనుంచి కొత్త కాడలు లేస్తాయి. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే మొదటి ఏడు డిపాజిట్టు, రెండో ఏడు మెచ్యూరిటీ. డబ్బు చేతికొచ్చాక ఆ రసీదుతో పని లేదు. కాపు అయిపోయిన కాడను నేల మట్టానికి కోసేయాలి. ఉంచితే కొత్త కాడకు గాలి, వెలుతురు అందవు, తెగుళ్ళు చేరతాయి.

ఇది చదవడానికి చాలా సులువు. చేతిలో కత్తెర పట్టుకొని పొద ముందు నిలబడితే అంత సులువు కాదు. 2022 డిసెంబరులో నేను నిలబడ్డాను. మా అమ్మాయి 2019 నుంచి అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటోంది. ఫిబ్రవరిలో పాపను తీసుకొని వస్తామని ఫోన్ చేసింది. పాపకు అప్పటికి రెండున్నరేళ్ళు. మా అమ్మ ముని మనవరాలిని చూడడం అదే మొదటిసారి. వాళ్ళు వచ్చేలోపు పెరడు శుభ్రంగా ఉండాలని నా తాపత్రయం. పొడుగ్గా, గోధుమరంగుకు తిరిగి, ముదిరినట్టు కనిపించిన కాడలన్నీ పాతవనుకొని మొదలంటా కోసేశాను. పచ్చగా, లేతగా ఉన్నవి ఉంచాను. సాయంత్రానికి పెరడు అద్దంలా ఉంది.

మా అమ్మ కర్ర పట్టుకొని వచ్చి చూసింది. "ఏమిరా ఇది, కాసేదాన్ని కోసేస్తివే!" అంది. "నీకు తెలీదులేమ్మా, పుస్తకంలో ఇట్లాగే ఉంది" అన్నాను. పుస్తకంలో ఉన్నది నిజమే, నేను చేసిందే అబద్ధం. నేను కోసినవి ఆ ఏడు జూన్ వానలకు లేచి, పెరిగి, జనవరిలో పూతకు సిద్ధంగా ఉన్న కాడలు. ఉంచినవి నిన్న మొన్న లేచిన పిలకలు. ఫిబ్రవరిలో పాప వచ్చింది. మా అమ్మ తన చేత్తో ఒక్క ముళ్ళపండు కోసి పెడదామంటే పొదలో ఒక్క పువ్వు కూడా లేదు. వాళ్ళు మళ్ళీ వచ్చింది 2025లో. ఎనభై దాటిన మనిషికి రెండేళ్ళు చిన్న మాట కాదు.

ఆ పొరపాటు మీరు చేయకుండా ఉండడానికి మూడు సూత్రాలు చెబుతాను.

మొదటిది, కోసే సమయం. మా దగ్గర జనవరిలో గులాబీరంగు చిన్న పూలు వస్తాయి, ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా పండ్లు. కాపు ముగిసిన వెంటనే, అంటే ఏప్రిల్‌లోనే కోసేయండి. ఎండిన పండ్ల తొడిమలు ఇంకా కాడ మీదే ఉంటాయి కాబట్టి ఏది కాసిందో సందేహం ఉండదు.

రెండోది, గుర్తు. పండు కోసేటప్పుడే ఆ కాడ మొదట్లో ఎర్ర నూలుదారం కట్టండి. లెడ్జరులో టిక్కు పెట్టినట్టన్నమాట. ఏప్రిల్‌లో దారం ఉన్నవి కోయండి, లేనివి ముట్టుకోకండి. మా ఇంట్లో ఈ దారం కట్టే పని అప్పటినుంచి మా అమ్మది.

మూడోది, కొన గిల్లడం. వానాకాలంలో కొత్త కాడ మూడు నాలుగడుగులు పెరగగానే దాని కొన రెండంగుళాలు గిల్లేస్తే పక్క కొమ్మలు వస్తాయి, పండ్లు ఎక్కువ. పిల్లమొక్కల కోసం రెండు మూడు కాడలను గిల్లకుండా వదలండి. ఒక మొదలుకు ఆరేడు బలమైన కాడలు చాలు, మిగతా పిలకలు తీసేయండి.

చలిదేశాల్లో ఉన్నవాళ్ళకు

అమెరికాలో గడ్డకట్టించి అమ్మే ఎర్ర రాస్‌బెర్రీల్లో చాలా భాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని వాట్కమ్ కౌంటీలోనే పండుతుంది. మా అమ్మాయి ఇంటి వెనక కూడా ఆరు మొక్కలున్నాయి. అక్కడ పద్ధతి కొంచెం వేరు. ఎర్ర రాస్‌బెర్రీలో రెండు తరహాలు. వేసవిలో మాత్రమే కాసేవాటికి పైన చెప్పిన లెక్కే, కాసిన కాడ కోయాలి, కొత్తది ఉంచాలి. శరత్కాలంలో కాసేవి ఇంకొకటి. వీటికి మొదటి ఏడాదిలోనే కాడ పైభాగాన పండ్లొస్తాయి. 1969లో న్యూయార్క్ రాష్ట్రంలో విడుదలైన హెరిటేజ్ అనే రకం ఇలాంటిదే. దీన్ని చలికాలం చివర, చిగురు రాకముందు, మొత్తం నేల మట్టానికి కోసేసినా ఆ శరత్తులో పండ్లిస్తుంది. మీ పెరట్లో ఉన్నది ఏ తరహాయో తెలుసుకోకుండా కత్తెర పట్టవద్దు. తెలియకపోతే ఒక ఏడు ఏమీ కోయకుండా చూడండి, మొక్కే చెబుతుంది.

ఎర్రదాన్ని పెంపు చేయడం సులువు. వేళ్ళ నుంచి దూరంగా పిలకలు లేస్తాయి. చిగురు రాకముందు ఆ పిలకను వేరు ముక్కతో సహా పారతో తవ్వి వేరేచోట నాటితే సరి.

కొన నేలలో, మొదలు తల్లి దగ్గర

మైసూర్ రాస్‌బెర్రీకి అలాంటి దూరపు పిలకలు రావు. దాని పద్ధతి వేరు. పొడుగ్గా పెరిగిన కాడ వంగి, కొన నేలను తాకిన చోట వేరు పోసుకుంటుంది. దీన్ని కొన అంటు అనవచ్చు. గింజలతోనూ మొలకెత్తించవచ్చు గాని చాలా ఓపిక కావాలి.

మా దగ్గర సెప్టెంబరు, అక్టోబరు నెలలు దీనికి అనుకూలం. ఆ ఏడు లేచిన కాడనే ఎంచుకోవాలి. మెల్లగా వంచి, కొన కిందికి ఉండేలా మూడు నాలుగంగుళాల లోతున మట్టిలో పాతి, పైన ఒక రాయి పెట్టాలి. నేలలో కాకుండా, మట్టి నింపిన కుండీలో పాతితే తరవాత తవ్వే పని ఉండదు. మట్టి తడి ఆరకూడదు. ఆరేడు వారాలకు వేళ్ళు పట్టి, పక్కనుంచి లేత చిగురు పైకి లేస్తుంది.

ఇక్కడ తొందర పనికిరాదు. చిగురు కనబడగానే తల్లి నుంచి కోసేస్తే పిల్ల వాడిపోతుంది. నా మొదటి రెండూ అలాగే పోయాయి. పిల్లమొక్కను మెల్లగా కదిపి చూడండి. గట్టిగా పట్టుకొని ఉంటే వేరు నిలిచినట్టు. అప్పుడు తల్లి కాడను ఏడెనిమిది అంగుళాలు పిల్ల వైపు ఉంచి కోయాలి. మరో రెండు వారాలు అక్కడే ఉంచి ఆ తరవాత మార్చాలి.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత, "పాప తెలుగు మరిచిపోతోంది నాయనా" అంది. నేనేం చెప్పగలను? మన పెద్దలు ఈ సీమకు వచ్చి నాలుగైదు వందల ఏళ్ళయిందంటారు. నాకు తెలుగు మాట్లాడడం మా అమ్మ నేర్పింది గాని, చదవడం, రాయడం నేర్చుకున్నది నలభై దాటాకే. బడిలో నేను చదివింది తమిళం. ఇంట్లో మాట పోకుండా ఉంటే లిపి ఎప్పుడైనా వస్తుంది. అదే చెప్పాను.

ఒక హెచ్చరిక

ఈ మొక్కను పెంచేవాళ్ళు దాన్ని అదుపులో ఉంచాలి. పిగిలిపిట్టలు పండ్లు తిని గింజలు దూరాల దాకా మోస్తాయి. గలాపగోస్ దీవులకు ఈ రూబస్ నివియస్‌ను తోటల కోసమే తీసుకెళ్ళారు. అది తప్పించుకొని అడవుల్ని కమ్మేసి, అక్కడి సొంత మొక్కలకు చోటు లేకుండా చేసింది. హవాయిలోనూ దీన్ని చెడ్డ కలుపుగానే చూస్తారు. మన దేశం దీని పుట్టిల్లు కాబట్టి ఇక్కడ అంత భయం లేదు. విదేశాల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఇక్కణ్ణుంచి మొక్కగాని, గింజగాని పెట్టెలో పెట్టుకొని పోవద్దు. అక్కడి చట్టం ఒప్పుకోదు, అక్కడి నేలకూ మంచిది కాదు. ఇక్కడి మనం కూడా పండ్లను పొద మీద ఎండనివ్వకుండా కోసుకోవాలి, నేలను తాకే కొనలను పైకెత్తి కట్టాలి.

కోసిన పండు ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. నీళ్ళలో నానబెట్టకుండా, తినే ముందే కడగండి. ఎక్కువైతే పండ్ల బరువుకు ముప్పాతిక వంతు చక్కెర వేసి సన్నటి మంట మీద ఉడికిస్తే జామ్ అవుతుంది. మా అమ్మ మాత్రం గడ్డపెరుగులో కొంచెం చక్కెరతో నలిపి ఇస్తుంది. మా ఇంట్లో అది ముందు, జామ్ తరవాత.

2025 మార్చి

పోయిన 2025 మార్చిలో అమ్మాయి, పాప వచ్చారు. ఈసారి పొద నిండా పండ్లే. పాపకు దాదాపు అయిదేళ్ళు, కోటగిరిలో వాళ్ళమ్మకున్న వయసే. కాని ఈ రెండేళ్ళలో మా అమ్మకు చూపు బాగా తగ్గింది. ఆపరేషన్ చేసినా మునుపటిలా కనబడదు. ఏది ఎర్రది, ఏది నల్లది అని తెలియదు. నాకు దిగులేసింది. డిసెంబరు నాటి ఆ కత్తెర గుర్తొచ్చింది.

అమ్మ దిగులు పడలేదు. కుర్చీ పొద పక్కన వేయమంది. ముళ్ళు లేని వైపు నుంచి చెయ్యి పెట్టి, గుత్తిని వేళ్ళతో తడిమి, ఒక్కో పండునూ మెత్తగా కదిపింది. పచ్చిది మొక్కను వదలదు. పండినది ముట్టుకుంటే చాలు, దిమ్మను వదిలి చేతిలోకి జారుతుంది. ఒక్కటంటే ఒక్కటి కూడా పుల్లటిది కోయలేదు. కళ్ళున్న నేను కోసినవాటిలో సగం పుల్లనివే.

పాప రెండు చేతులూ చాపి నిలబడింది. "వాటీజ్ దిస్, అవ్వా?" అని అడిగింది. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా అర్థమైంది. "ముళ్ళపండు" అంది. పాప ఒకటి నోట్లో వేసుకొని, "ముల్లపండు" అంది. "ళ్ళ, ళ్ళ" అని అమ్మ దిద్దింది. మూడోసారికి సరిగ్గా పలికింది. వెళ్ళేలోపు ముల్లు, కాడ, కొన, తొడిమ, పెరుగు, "ఇంకొకటి ఇయ్యవ్వా" అనేవి వచ్చాయి. కాసిన కాడలకు ఎర్రదారం కట్టే పనిలో కూడా చెయ్యి కలిపింది.

ఏప్రిల్‌లో నేను ఒక్కణ్ణే కత్తెర పట్టుకొని పొద ముందు కూర్చున్నాను. కొన్ని ముళ్ళు అమ్మ కట్టినవి, గట్టి ముడులు. కొన్ని పాప కట్టినవి, బూటు లేసులా పువ్వు ముడులు. దారం ఉన్న కాడ ప్రతిదీ కోశాను. లేనిదాన్ని ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

ఈ ఏటి కొన అంట్లకు కుండీలు సిద్ధం చేసుకుంటున్నాను. పొల్లాచ్చి, కోయంబత్తూరు వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా కావాలంటే డిసెంబరులో మన సంఘం కూటానికి రండి, పిల్లమొక్క ఇస్తాను. వచ్చేటప్పుడు ఒక పాత గోనెసంచి, రెండు చేతొడుగులు తెచ్చుకోండి. ఎర్రదారం మాత్రం మా అమ్మే ఇస్తుంది.